తొలి ముద్ద

పోత 231. సెప్టెంబరు 11.

నీటి వేడి ముప్పై ఒకటి. గాలి నైరుతి. కలిపిన ముద్ద పన్నెండు టన్నులు. తీర మండలి వారి చిట్టాకు ఇంతవరకే కావాలి. మిగతాది నా కడుపుమంట. అది కూడా ఇక్కడే రాస్తాను, చదివే తీరిక అక్కడ ఎవరికుంది గనక!

నా పేరు గరికిన నూకరత్నం. పుల్లేటిరేవు దిబ్బకి ముద్ద మేస్త్రిని. ఒడ్డుకి మూడు వందల గజాల దూరంలో, సముద్రం అడుగున, అచ్చు యంత్రంతో పోతకొక ముద్ద దూలం, మా మాటలో ఎముక, పక్కపక్కనే పోసుకుంటూ ఒక దిబ్బ కడుతున్నాం. కెరటం వచ్చి ఊరి మీద పడేలోపు దాని నడుం విరగ్గొట్టడమే దిబ్బ పని. అందులో ఏం కలపాలో, ఎంత కలపాలో చెప్పేది నేను. పాత ఉక్కు కర్మాగారం గుట్టల నుంచి తవ్వి తెచ్చిన చిట్టెం, అంటే ఇనప మడ్డి పొడి, ఊక బూడిద, ఆలిచిప్పల పొడి, చవుడు నీళ్లు. సిమెంటు కంట చూసి ఇరవయ్యేళ్లయింది. ఆసుపత్రులకీ ఆనకట్టలకీ తప్ప ఇవ్వరు. పోనీ చిప్పలు కాల్చి సున్నం చేద్దామంటే, బట్టీ ఒక్కసారి ముట్టించినందుకు ఊరికి ఆరు నెలలు కరెంటు కోస్తారు. నిప్పు తగలకుండా గట్టిపడే ముద్ద కావాలన్నారు. నాలుగేళ్లు తిప్పలు పడి కనిపెట్టాను. సన్మానం చేస్తామన్నారు, చెయ్యలేదు.

అక్టోబరు పదికల్లా రెండు వందల నలభై ఎముకలు పూర్తవ్వాలి. "దిబ్బ ఆగుతుంది" అని నేను సంతకం పెట్టాలి. పెడితే మా అరవై ఒక్క గడపలూ ఇక్కడే ఉండొచ్చు. పెట్టకపోతే మండలి వాళ్లు ఎర్ర గీత గీసి, బస్సులు పంపి, మెట్ట క్యాంపులో రేకుల షెడ్లలో పడేస్తారు. అక్కడికి సముద్రం నలభై మైళ్లు. వేట తప్ప ఇంకో పని తెలియని వాళ్లం అక్కడ ఏం చేస్తామో వాళ్లు చెప్పరు, మేం అడగం. మొదటి వీధి నా పెళ్లికి ముందే సముద్రంలో కలిసింది. రెండో వీధి నా మొగుడితో పాటు పోయింది. మూడోది కిందటేడు నవంబరు తుపానుకి పోయింది. మిగిలింది నాలుగో వీధి.

ఈ రోజు కూడా ఎప్పటిలాగే తొట్టిలోంచి తొలి ముద్ద తీసి నమూనా దిమ్మలు పోసి షెడ్డులోకి వచ్చేశాను. తొట్టి దగ్గర మా అత్త కాసులమ్మ, ఆమె వెనక నలుగురు ఆడవాళ్లు. మర ఎంత తిప్పినా ఉండలు మిగులుతాయి, వాటిని చేతులతో చిదమడం వాళ్ల పని. నేను ఇటు రాగానే వాళ్లు గంగమ్మ పేరు చెప్పి తొట్టిలో ఒక చెంబు పోస్తారు. కొత్త పడవని నీళ్లలో దింపేముందు ముక్కుకి పసుపు రాసి చెంబు పోస్తాం కదా, అదే ఇక్కడ ప్రతి పోతకీ చేస్తున్నారు. తొట్టిలో ఇతర పదార్థమేదీ పడరాదని మండలి నిబంధన. చూశానంటే చిట్టాలో రాయాలి. అందుకని చూడను. చెంబుడు పసుపు నీళ్లకి పన్నెండు టన్నుల ముద్ద ఏమైపోతుందట!

పోత 234. సెప్టెంబరు 20.

ముద్ద పన్నెండు టన్నులు. గొట్టం రెండుసార్లు పూడుకుంది. మా ఆడవాళ్లు అచ్చు యంత్రాన్ని జంతికల గొట్టం అంటారు. పూడుకున్నప్పుడల్లా "పిండి గట్టిగా కలిపేసినావే రత్నం" అని వెక్కిరింపు ఒకటి.

మా మరిది ధనరాజు పోసిన ఎముకల్ని నీటి అడుగున చూసి వచ్చే మనిషి. మధ్యాహ్నం షెడ్డు గుమ్మంలో తడి బట్టలతో నిలబడ్డాడు. ఏదో ఉందని మొహం చూస్తేనే తెలిసింది.

"వదినా, రెండొందల పద్నాలుగో ఎముకలో నా ఏలు దిగిపోయింది."

"పోసి ఎన్నాళ్లయింది? పచ్చిగా ఉంటాది మరి. నీకేటి పన్లేదేటి, ఎల్లి ఏళ్లెడతన్నావు?"

"పచ్చేటి వదినా? రెండు నెల్లయింది. పైన పెంకు గట్టిగానే ఉన్నాది. పీత బొక్కెట్టిన కాడ ఏలెట్టినాను. లోపల గెంజిలాగున్నాది."

కల్లు తాగి దిగావా అన్నాను. అనకూడని మాట. వాడు తాగి నీళ్లలో దిగే రకం కాదు, వాళ్లన్న పోయాక అసలు ముట్టలేదు. వాడు బట్టలు పిండుకుని వెళ్లిపోయాడు.

రెండు వందల పద్నాలుగో పోత దిమ్మ ఫలితం తీసి చూశాను. ఇరవై ఎనిమిదో రోజున నొక్కుడు యంత్రంలో పెడితే ముప్పై రెండు దగ్గర పగిలింది. మండలి అడిగేది ఇరవై అయిదు. రెండు వందల పదిహేను, పదహారు, అన్నీ ముప్పై దాటాయి. షెడ్డు గోడ మీద నా చేత్తో నేనే సుద్దతో రాశాను, ఊరంతా వచ్చి చూసి పోతుంటారు. గెంజి అంటాడేమిటి వీడు!

పోత 236. సెప్టెంబరు 26.

పోత అయ్యాక ధనరాజు పడవలో నేనూ వెళ్లాను. ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్లలో దిగి మూడేళ్లయింది, చెవులు దిబ్బళ్లు వేశాయి. చేతిలో ఇనప గునపం.

నలభయ్యో ఎముక మీద కొడితే గునపం ఎగిరి నా చేతికే దెబ్బ తగిలింది. దాని నిండా నాచు, చిన్న చేపలు, ఆలిచిప్పలు. నా బిడ్డ గట్టిపడిందే అని అంత నీళ్లలోనూ ఒళ్లు పులకరించింది. నూరో ఎముక కూడా రాయే. నూట యాభై దగ్గర గునపం ఒక అంగుళం దిగింది. నూట తొంభై దగ్గర జానెడు. రెండు వందల పద్నాలుగులో గునపం పిడి దాకా దిగిపోయి, లాగితే వెంట బూడిద రంగు మబ్బొకటి లేచింది. ఆ మబ్బులో నాకు ఏమీ కనపడలేదు. ధనరాజు జబ్బ పట్టుకుని పైకి లాక్కొచ్చాడు.

"నువ్వు సెప్పింది నిజవేరా," అన్నాను.

"నిజవైతే ఏటి లాభం వదినా! ఊరికి ఎదురుగుండా ఉన్నయ్యే మెత్తగున్నాయి," అన్నాడు.

నిజమే. ఉత్తరం కొస నుంచి మొదలెట్టి దక్షిణానికి పోసుకుంటూ వచ్చాం. గట్టివి ఖాళీ ఇసక దిన్నెలకి కాపలా కాస్తున్నాయి. మెత్తవి నాలుగో వీధికి ఎదురుగా ఉన్నాయి.

ఒడ్డుకి రాగానే చిట్టెం తెచ్చే బళ్లవాళ్ల మీద పడ్డాను. గుట్ట మార్చారా, మట్టి కలిపారా, దొంగసొత్తు తింటున్నారా అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్లు ఎదుటే సంచి విప్పి పెట్టారు. మంచి చిట్టెమే. చవుడు నీళ్లు పరీక్ష చేశాను, ఘాటు తగ్గలేదు. బూడిద జల్లించాను. గొట్టం మార్పించాను. ఎక్కడా తప్పు లేదు, దిమ్మలు రాళ్లలా ఉన్నాయి, ఎముకలు మాత్రం గెంజి. నాకు పిచ్చెక్కుతోంది.

వైర్‌లెస్‌లో మండలి అధికారి సుభద్ర గారికి చెప్పాను.

"దిమ్మలు పాసయ్యాయి కదా నూకరత్నం గారూ?"

"పాసయ్యాయండి. కానీ ఎముక..."

"మాకు దిమ్మే ప్రమాణం. తీరం పొడవునా పదమూడు ఊళ్లలో దిబ్బలు కడుతున్నాం. పన్నెండు ఊళ్ల వాళ్లు సంతకాలు పంపేశారు. మీ ఒక్కరే మిగిలారు. చివర్లో ఈ అనుమానాలేమిటండీ?"

పోత 237. సెప్టెంబరు 29.

ఈ రోజు చిట్టా రాయడానికి చెయ్యి రావడం లేదు.

తొలి ముద్ద తీశాను. దిమ్మలు పోశాను. షెడ్డులోకి వచ్చి కూర్చున్నాక ఒక ఆలోచన తట్టింది. దిమ్మ గట్టిగా ఉండి ఎముక మెత్తగా ఉందంటే, దిమ్మకీ ఎముకకీ మధ్య తొట్టిలోనే ఏదో జరుగుతోంది. నమూనా నడి తొట్టిలోంచి తియ్యాలని పుస్తకంలో రాసి ఉంది. రెండేళ్లుగా నేను తీస్తున్నది తొలి ముద్ద. చెంబు పోసేటప్పుడు అక్కడ ఉండకుండా తప్పించుకోవచ్చని అలా తీశాను. ఎవరూ చెప్పలేదు, నాకు నేను చేసుకున్న ఏర్పాటు.

లేచి వెనక్కి వెళ్లాను.

చెంబు కాదు. బిందె. స్టీలు బిందె నిండా చిక్కటి పానకం. మా అత్త రెండు చేతులా ఎత్తి పోస్తోంది. ఆమె వెనక ఇంకో బిందె సిద్ధంగా ఉంది. ఆ నలుగురిలో చిన్నది పోలేశ్వరి, బెల్లం దిమ్మని రాయితో కొట్టి అందులో కలుపుతోంది.

"అత్తా, ఏటిది?"

ఆమె ఏమీ తడబడలేదు. దాచే పని చేస్తున్నట్టు కూడా లేదు. "పానకవే. గంగమ్మకి."

"ఇంతా?"

"అరవై ఒక్క గడపలదీ ఇది. ఎవుళ్ల వాటా ఆళ్లు తెచ్చిత్తన్నారు. పోతకి ఏడెనిమిది కేజీలు అవుతాది. నీకు తెల్దనుకున్నావేటి? నువ్వు కావాలనే ఎలిపోతన్నావు గదా, మండలోళ్లకి బయపడి. మేం ఏటీ అనుకోలేదులే."

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదట సెంబుడే. మూడో ఈధి ఎలిపోయినాక ఆడోళ్లందరం కూకుని అనుకున్నాం. బెల్లం మనకొద్దు, గోడకే ఏసేద్దాం అని. మా తాత బంగళాలకి గచ్చు తొక్కేవోడే. సున్నంలో బెల్లం, కరక్కాయ ఏసి తొక్కితే నూరేళ్లు ఉంటాదనేవోడు. నీ ముద్దకి బలం సాల్లేదేమోనని..." అని, నా మొహం చూసి ఆగింది. "ఏటే? తప్పా?"

పాత సున్నం గాలి పీల్చుకుని గట్టిపడుతుంది. దానికి బెల్లం బలం, నిజమే. వాళ్ల తాత అబద్ధం చెప్పలేదు. నా ముద్ద అలా గట్టిపడదు. చిట్టెం, చవుడు నీళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలి, ఆ పట్టుని బెల్లం పడనివ్వదు. సముద్రపు ఉప్పుకి పైన పెంకు కడుతుంది గానీ లోపల ఎప్పటికీ ముద్దలానే ఉండిపోతుంది.

మా ఇంట్లో పది నెలలుగా టీ చప్పగా ఉంటే రేషన్ తగ్గిందనుకున్నాను. ఊళ్లో బాలింతలకి కూడా బెల్లం పెట్టలేదు. పండక్కి పాయసం వండలేదు. అంతా తీసుకొచ్చి మా నెత్తి మీదకొచ్చే సముద్రాన్ని ఆపడానికి ఈ తొట్టిలో పోశారు. ఎవరిని తిట్టను?

తొలి ముద్దలోంచి ఒక ఉండ, బిందె పోశాక ఒక ఉండ తీసి, ఒక్కో బకెట్ సముద్రపు నీళ్లలో వేసి షెడ్డులో పెట్టాను.

పోత లేదు. అక్టోబరు 3.

నేనే ఆపాను. గొట్టం బాగుచేస్తున్నామని చెప్పాను.

పొద్దున్నే అత్తని షెడ్డుకి పిలిచాను. మొదటి బకెట్‌లో ఉండని చేతికిచ్చాను. నేలకేసి కొట్టమన్నాను. కొట్టింది, టంగుమని దొర్లింది. రెండో ఉండ ఇచ్చి బొటనవేలు నొక్కమన్నాను. పెంకు పగిలి వేలు మొదలు దాకా దిగింది. ఆమె వేలు బయటికి తియ్యలేదు, అలాగే పెట్టుకుని నిలబడింది.

"ఇది బెల్లం పడ్డదా?"

"ఆఁ అత్తా."

"ఎన్ని ఎముకలు?"

"నూట ముప్పై దాటినాక అన్నీ."

"కడిగెయ్యలేమేటే? ఇంకోటేదైనా పోసి..."

"సముద్రంలో పడిపోయినాయి కదత్తా. మళ్లీ వంద పొయ్యాల. ఏడాది పడతాది."

కూర్చుంది. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. మొగుణ్ణీ పెద్దకొడుకునీ సముద్రానికిచ్చి, అది తింటే తిననీ ఒడ్డు మాత్రం వదలనని మొండికేసిన మనిషి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"రత్నం, ఒక్క మాట ఇను. ఈ బెల్లం సంగతి ఊళ్లో ఎవుళ్లకీ సెప్పకు. పసిపిల్లల నోటికాడది లాక్కొచ్చి పోసినారే ఆళ్లు. మన సేత్తో మనవే సేసుకున్నాం అని తెలిస్తే ఆ ఆడోళ్లు బతకలేరు. నీ కొలత తప్పిందని సెప్పు. తిడితే తిట్టనీ. నిన్ను తిట్టినా నన్ను తిట్టినట్టే."

సరేనన్నాను. కొలత కంటే పెద్ద తప్పే నేను చేశాను, ఆ నింద నాకు బరువేమీ కాదు. నడి తొట్టిలోంచి నమూనా తీసి ఉంటే నూట ముప్పై ఒకటో ఎముక దగ్గరే బయటపడేది. ఇరవై ఎనిమిది రోజుల్లో ఆపేసేవాళ్లం, తొమ్మిదో పదో ఎముకలు పోయేవి.

పోత లేదు. అక్టోబరు 7.

సాయంత్రం ఊరిని వలల షెడ్డు దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. కొలత తప్పింది, దిబ్బ ఆగదు, నేను సంతకం పెట్టను, బస్సులు వస్తే ఎక్కండి.

నన్ను నమ్మలేదు. నమ్ముతారని ఎలా అనుకున్నానో!

"నీ గోడ మీద నువ్వే రాసినావు గదే, ముప్పై రెండు, ముప్పై నాలుగు అని! ఇప్పుడు తప్పంటావేటి?" అని పోలేశ్వరి లేచింది.

"మండలోళ్లు ఈవిడికి టౌన్లో క్వార్టర్ ఇత్తన్నారేమో. మనల్ని కదిపితే రొయ్యల కంపెనీకి ఇచ్చుకుంటారు ఈ ఒడ్డు," అని వెనక నుంచి ఎవరో.

"నీ మొగుడు ఈ నీళ్లలోనే ఉన్నాడు, సిగ్గులేదేటి నీకు?"

ఆ మాటకి ధనరాజు మీదకి వెళ్లబోయాడు. నేనే ఆపాను. గునపం దిగిందని వాడు చెప్పాడు, వదిన మాటే చెప్తాడులే అన్నారు. మా అత్త తల వంచుకుని కూర్చుంది. నేను మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను. తుపాను వస్తే దిబ్బ వెనక వీళ్లంతా నిశ్చింతగా నిద్రపోతారు. నా పరువు కోసమైతే ఎన్ని మాటలైనా పడతాను. వీళ్ల చావుని కూడా మౌనంగా పడాలా?

సుభద్ర గారు వైర్‌లెస్‌లో గట్టిగానే మాట్లాడారు. సంతకం పెట్టకపోతే ఎర్ర గీత తప్పదట. గియ్యండి అన్నాను. జనం ఎక్కకపోతే పోలీసుల్ని పంపే ఓపిక తమకి లేదన్నారు.

పోత లేదు. అక్టోబరు 13.

అల్పపీడనం నిన్న వాయుగుండమైంది. మూడు రోజుల్లో తీరం దాటుతుందట. పది బస్సులు ఊరి బయట వచ్చి నిలబడ్డాయి. ఒక్కరూ ఎక్కలేదు. ఎండబెట్టిన చేపలు ఇళ్లలోకి సర్దుకుని, ఈ ఏడు భయం లేదు దిబ్బ ఉంది అనుకుంటున్నారు.

అత్త పొద్దున్నే లేచి నీళ్లు పోసుకుంది. పెట్టె అడుగున ఉన్న మంచి చీర కట్టుకుంది. షెడ్డులోకొచ్చి రెండో బకెట్ చంకనెత్తుకుంది.

"నువ్వు సెప్తే నమ్మరే. పోసినదాన్ని, నాను సెప్పాల," అంది.

"మరి ఆళ్లు బతకలేరన్నావు?"

"ఏడుసుకుంటానైనా బతకనీ. పద."

మొదటి గడప పోలేశ్వరిది. అత్త బకెట్ కింద పెట్టి, ఉండని చూపించి, ఏలెట్టమంది. పోలేశ్వరి నవ్వుతూనే పెట్టింది. వేలు దిగాక నవ్వు ఆగింది.

"ఏటత్తా ఇది?"

"మన గోడ. నువ్వు కొట్టి కలిపినావు, నాను పోసినాను. గంగమ్మకి తప్పు లేదు, రత్నానికి తప్పు లేదు. బెల్లం వల్ల ఇలగయ్యింది. పిల్లల్ని తీసుకుని బస్సెక్కు."

ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడింది. ఆమె చంటిబిడ్డకి ఏడు నెలలు. కడుపుతో ఉన్నప్పుడు కూడా తన వాటా ఒక్క పలుకు నోట్లో వేసుకోలేదని తరవాత తెలిసింది. అత్త ఆమె తల మీద చెయ్యి వేసి నిలబడింది. బకెట్ ఎత్తుకుని పక్క గడపకి నడిచింది.

అరవై ఒక్క గడపలు తిరిగింది. ఉండ ముక్కలై బకెట్ అడుగున బురదయ్యేదాకా వేళ్లు దిగుతూనే ఉన్నాయి. కొందరు తిట్టారు. ఒకామె మా అత్త మొహాన ఉమ్మేసింది. కొంగుతో తుడుచుకుని "పిల్లల్ని తీసుకుని బస్సెక్కమ్మా" అని ఆమెకీ చెప్పింది. ఎక్కువమంది లోపలికి వెళ్లి గిన్నెలు సర్దడం మొదలెట్టారు. వెనకాల నడుస్తూ నేనే ఆపుకోలేక ఏడ్చాను. నమూనా సంగతి కూడా ప్రతి గడపలోనూ చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు.

మధ్యాహ్నానికి బస్సులు నిండాయి. మా అత్త ఎక్కిన బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉంది. నేను వెళ్లి కూర్చున్నాను.

అక్టోబరు 15. మెట్ట క్యాంపు.

పోత నంబరు రాయాల్సిన పని ఇక లేదు. చిట్టా మాత్రం మూసెయ్యమని మండలి నుంచి కబురొచ్చింది. "ప్రాణనష్టం: లేదు" అని వాళ్లే నింపి పంపారు. "లోపానికి కారణం" అన్న చోటు నాకు వదిలారు. మొత్తం రాశాను. బెల్లం, బిందె, తొలి ముద్ద, అన్నీ. సుభద్ర గారు చదివి, "ఇది మీ ఊరి ఆచారానికి సంబంధించిన విషయం, సాంకేతిక లోపం కాదు" అన్నారు. మిగతా ఊళ్ల దిమ్మలన్నీ పాసయ్యాయి కాబట్టి ఆందోళన అక్కర్లేదట.

రేకుల షెడ్డు. సముద్రం చప్పుడు లేక మా వాళ్లెవరికీ నిద్ర లేదు. మా అత్తతో ఎవరూ మాట్లాడటం లేదు. ఆమె అన్నం ముట్టి రెండు రోజులైంది. ఈ పొద్దున వైర్‌లెస్ గదిలో నా పక్కన వచ్చి కూర్చుంది. తుపాను గుల్లపేటకి ఇటూ అటూగా రేపు సాయంత్రం దాటుతుందని వార్త చెప్తున్నారు.

"గుల్లపేటోళ్లు బస్సులెక్కినారా?" అని అడిగింది.

"ఆళ్ల దిబ్బకి సంతకం అయిపోయిందత్తా. సంతకం అయిన ఊళ్లకి బస్సులు పంపరు."

"ఆళ్లూ గంగమ్మకి పోస్తారు గదే."

ఆ మాట వినేదాకా నాకు తట్టనే లేదు. ఎవరైనా నమ్ముతారా? నమ్మకపోయినా అదే నిజం. మా ఊరు, మా దిబ్బ, మా అత్త, నా తప్పు. ఇన్ని రోజులూ ఇదే నా బుర్రలో తిరిగింది. ఆ పన్నెండు ఊళ్ల మేస్త్రీలూ నా దగ్గరే, మా షెడ్డులోనే మూడేసి వారాలు పని నేర్చుకుని వెళ్లారు. వాళ్ల ఆడవాళ్లు వాళ్లతో వచ్చి మా ఆడవాళ్లతో పాటు తొట్టి దగ్గర నిలబడ్డారు.

గుల్లపేట కలిపాను. వాళ్ల మేస్త్రి సన్యాసప్పడు. వెనక పిల్లల కేకలు, గాలి హోరు.

"రత్నవక్కా! ఎలాగున్నావే? మీ ఊరు ఖాళీ సేయించినారని ఇని కడుపు తరుక్కుపోయిందనుకో. క్యాంపులో దోమలంటగదా?"

"సన్యాసప్పడూ, నువ్వెక్కడున్నావు?"

"ఒడ్డు మీదే. ఊరంతా ఇక్కడే ఉన్నాది. కెరటం మన దిబ్బ మీద ఇరిగిపోతంటే సూడాలే అక్కా, పిల్లలు ఒకటే గెంతులు."

"మీ తొట్టిలో చెంబు పోస్తారా?"

గొంతు తగ్గించాడు. "ఓలమ్మ, వైర్‌లెస్‌లో అడుగుతావేటక్కా! మండలోళ్లు ఇంటారు."

"పోస్తారా లేదా?"

"పోస్తారు. కాసులమ్మప్ప కబురంపినట్టే, గడపకి ఇంతని బెల్లం ఏసుకుని. కిందటేటి తుపాను తరవాత బిందెలే పోస్తన్నారు."

నా పక్కన అత్త రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నమూనా ఎప్పుడు తీస్తన్నావు?"

"సెంబు పొయ్యకముందే. గొడవుండదు, అలగే తియ్యమని నువ్వే గదక్కా నేర్పినావు. దిమ్మలన్నీ పాసే. ఒక్కటి తప్పలేదు."

పిల్లల్ని ఒడ్డు నుంచి లాక్కుపొమ్మన్నాను. దిబ్బ లోపల మెత్తగా ఉందని, ఊరు ఖాళీ చెయ్యమని అరిచాను. మా ఎముకల్లో గునపం దిగిన సంగతి చెప్పాను. బకెట్ సంగతి చెప్పాను. తరవాత నెమ్మదిగా, పెద్దవాళ్లని ఊరుకోబెడుతున్నట్టు, "నువ్వు మనసు పాడుసేసుకున్నావక్కా. మీ ఊరు పోయింది గదా, అలగే అనిపిస్తాది. రెండ్రోజులు పడుకో," అన్నాడు.

లైన్ పెట్టేశాడు. మళ్లీ కలిపితే ఎత్తలేదు. సుభద్ర గారిని పిలిచాను, సమావేశంలో ఉన్నారన్నారు. బస్సు డ్రైవర్లు అన్నాలకి వెళ్లారు. ధనరాజుని తాళం చెవులు ఎలాగోలా సంపాదించి రెండు బస్సులు గుల్లపేటకి తోలుకుపొమ్మని పంపాను. రెండింటిలో ఎంతమంది పడతారు? ఎవరు ఎక్కుతారు?

తీరం దాటడానికి ముప్పై గంటలుంది. ఇంకా పదకొండు ఊళ్లున్నాయి. అత్త మైకు తన దగ్గరికి లాక్కుని, "తరవాత ఏ ఊరు?" అంది.

సీతన్నరేవు అన్నాను. కలిపాను.